కిటికీలో శంఖుపుష్పం

భీవండిలో మన ఇళ్లకు పెరడు ఎక్కడిది? పద్మనగర్ గల్లీలలో ఒక గది, ఒక వంటిల్లు, ఒక కిటికీ. గోడ అవతల సాంచాల చప్పుడు. ఊళ్లో దడి మీద దానంతట అదే అల్లుకొనే శంఖుపుష్పాన్ని ఇక్కడ పెంచడం ఎట్లా అని మన ఆడపడుచులు అడుగుతూ ఉంటారు. ఈ తీగకు పెరడే అక్కరలేదు. రోజుకు అయిదారు గంటల ఎండ, నీరు నిలవని కుండీ, శుభ్రమైన ఆకు ఉంటే చాలు.

దీనినే దింటెన అనీ, సంస్కృతంలో అపరాజిత అనీ అంటారు. మన మరాఠీ ఇరుగుపొరుగువారికి ఇది గోకర్ణ. ఉష్ణదేశపు తీగ గనుక మన వేసవికి జంకదు.

విత్తనం పైపొర గట్టిది. రాత్రంతా నీళ్లలో నానవేసి, ఉదయం అర అంగుళం లోతున నాటండి. పది పన్నెండు అంగుళాల కుండీ చాలు. పాత డబ్బా అయినా సరే, అడుగున చిల్లులు ఉండాలి. మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలపండి. వారం పదిహేను రోజులలో మొలక కనబడుతుంది. జానెడు ఎదగగానే కొన తుంచితే పక్కకొమ్మలు వేస్తుంది. పాకడానికి కర్రలు కొననక్కరలేదు. సాంచా దగ్గర పారవేసే పడుగుపోగులు నాలుగైదు కలిపి పేని, కిటికీ చువ్వలకు కట్టండి. తీగ తానే చుట్టుకొంటుంది.

ఇది చిక్కుడు కుటుంబానికి చెందినది. వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. కాబట్టి ఎరువు ఎక్కువ వేయకండి, ఆకులే పెరుగుతాయి. వానకాలంలో కుండీ కింది పళ్లెం తీసివేయండి.

ఇక అసలు సంగతి. సాధారణంగా నాటిన రెండు నెలలకు ఇది పూస్తుంది. మా ఇంట మొదటి తీగ ఆరు నెలలైనా పూయలేదు. ఎండ చాలలేదనుకొన్నాము, ఎరువు చాలలేదనుకొన్నాము. ఒకనాడు ఆకును వేలితో తుడిస్తే తెల్లని నూలుధూళి పొరగా లేచివచ్చింది. ఆ పొర కింద ఆకుకు వెలుతురే అందడం లేదు! అప్పటినుంచి రెండు రోజులకొకసారి తడిగుడ్డతో తుడుస్తూ వచ్చాము. కొద్ది వారాలలో మొదటి నీలిపూవు విచ్చింది.

ఆకు మీద పేరుకొన్న ఆ ధూళే మన ఊపిరిలోనికీ పోతున్నది కదా! నూలుధూళిని ఏళ్ల తరబడి పీల్చినవారికి దగ్గు, ఆయాసం పట్టుకొంటాయని వైద్యులు చెబుతారు. తీగ గాలిని కడుగుతుందని భ్రమపడవద్దు. పనిలో మాస్కు కట్టుకోవడం, ఇంట్లో పొడిచీపురుకు మారు తడిగుడ్డతో తుడవడం, దగ్గు తగ్గకుంటే వైద్యునికి చూపించడం మన పనులు. ఆకు తెల్లబడితే ఇల్లు తుడవవలసిన వేళ అయిందని గుర్తు.

లేతకాయలను తుంచుతూ ఉంటే పూత సాగుతుంది. విత్తనానికి రెండు కాయలు మాత్రం తీగ మీదనే ఎండనివ్వండి. గింజలు తింటే విరేచనాలు అవుతాయి, పిల్లలకు అందనీయవద్దు. దాచిన గింజలను పొరుగింటికి పంచండి. పిల్లలు బడిలో గోకర్ణ అని నేర్చుకొని వస్తారు. శంఖుపుష్పమన్న పేరు మాత్రం మనమే చెప్పాలి.