క్రిస్మస్ వేదిక మీద ఆమె, రేడియోలో అతను

అమెరికాలో కంట్రీ సంగీతానికి నాష్‌విల్ రాజధాని. అక్కడి కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ రూపొందించే ‘సీఎంఏ కంట్రీ క్రిస్మస్’ను ఏబీసీ చానెల్ 2010 నుంచి ఏటా ప్రసారం చేస్తోంది. 2024 వరకు లెక్కేస్తే 15 కార్యక్రమాలు. మొదటి ఏడింటికీ జెన్నిఫర్ నెటిల్స్ వ్యాఖ్యాత. తర్వాత రెండేళ్లు రీబా మెకెంటైర్. ఆ తర్వాత ట్రిషా యియర్‌వుడ్, గాబీ బారెట్, కార్లీ పియర్స్, ఏమీ గ్రాంట్ వచ్చారు. 2024 వరకు మగ వ్యాఖ్యాత కనిపించింది 2020లో ఒక్కసారే: థామస్ రెట్, అదీ భార్య లారెన్ ఏకిన్స్‌తో కలిసి. 15లో 14 సార్లు వేదిక పూర్తిగా ఆడవాళ్లదే.

ఈ ఒక్క అంకె చూసి సంతోషిస్తే మోసపోతాం. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014 నుంచి 2018 వరకు బాగా ఆడిన 500 కంట్రీ పాటలను పరిశీలించారు. పాడినవారిలో ఆడవాళ్లు 16 శాతం. రాసినవారిలో 12 శాతం. ఆ అయిదేళ్లూ క్రిస్మస్ కార్యక్రమాన్ని నడిపింది మహిళలే!

నన్ను ఎక్కువగా బాధించేది రెండో అంకె, ఆ 12 శాతం. అమెరికాలో మామూలు రేడియోలో పాట మోగితే గాయకులకు రాయల్టీ రాదు, రాసినవారికే వస్తుంది. అందువల్ల పాట రాసే గదిలోకి రానివ్వకపోవడమంటే నెలల తరబడి వచ్చే ఆదాయానికి దూరం చేయడమే. టీవీలో ఒక్క రాత్రి కనిపించడం ఆ నష్టాన్ని పూడ్చలేదు. 2015లో ఒక రేడియో సలహాదారు ఆడవాళ్ల పాటలు తగ్గించమని స్టేషన్లకు బాహాటంగానే చెప్పాడు. ఆడవాళ్లను సలాడ్‌లో టమాటాలతో పోల్చాడు.

మరి క్రిస్మస్ వేదిక ఎందుకు వేరుగా ఉంది? నా అంచనా ఇది: అక్కడ పాడేవి ఎక్కువగా అందరికీ తెలిసిన పండగ పాటలు. పిలుపు రావాలంటే ఆ వారం రేడియోలో హిట్ ఉండనక్కర్లేదు. ఎవరిని పిలవాలో నిర్మాతలు తేల్చుకోవచ్చు. ఉదాహరణకు, 2022లో నల్లజాతి దంపతుల జంట ‘ద వార్ అండ్ ట్రీటీ’ ఆ వేదికపై పాడింది.

అయితే వ్యాఖ్యాత స్థానం వేరే సంగతి. ఆ 15 ఏళ్లలో నల్లజాతి వ్యాఖ్యాత ఒక్కరూ లేరు. ఈ సంగీతానికి వాళ్లేమైనా కొత్తా? నల్లజాతి కంట్రీ గాయకుడు చార్లీ ప్రైడ్ 1970లోనే క్రిస్మస్ ఆల్బమ్ తెచ్చాడు. మరుసటి ఏడాది ఇదే కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అతన్ని ఆ ఏటి మేటి కళాకారుడిగా ఎంచింది. 1983లో అతని పాట కంట్రీ చార్టులో మొదటి స్థానానికి చేరాక, మరో నల్లజాతి గాయకుడు సోలో పాటతో అక్కడికి రావడానికి 25 ఏళ్లు పట్టింది. 2008లో వచ్చిన ఆ గాయకుడు డేరియస్ రకర్.

రకర్‌కు 2014లో వచ్చిన క్రిస్మస్ ఆల్బమ్ ఉంది. 2020 నవంబరులో ఇదే సంస్థ అవార్డుల కార్యక్రమాన్ని, ఇదే ఏబీసీలో, రీబాతో కలిసి నడిపించాడు కూడా. కాబట్టి తగినవారు దొరకలేదన్న మాట ఇక్కడ చెల్లదు.