నీరు దిగినంతనే రోగము దిగునా?

హృదయవైఫల్యమను మాట చెవిని బడగానే గుండె ఆగిపోవుచున్నదని బెంబేలు పడువారు కొందఱు. కాళ్ళకు నీరు వచ్చినదే గాని గుండెకేమియు లేదని తేలికగా త్రోసిపుచ్చువారు మఱికొందఱు. ఇరువురును పొరపడినవారే. ఈ వ్యాధిలో గుండె కొట్టుకొనుచునే యుండును. కాని కండరము బలహీనమై వలసినంత రక్తమును ముందునకు నెట్టజాలకుండుటయో, బిగిసిపోయి రక్తమును సుఖముగా లోనికి రానీయకుండుటయో సంభవించును. రక్తప్రవాహము తగ్గెనని గ్రహించిన మూత్రపిండములు, ఒడలిలో నెచ్చటనో రక్తస్రావమైనదని భ్రమించినట్లు, ఉప్పును నీటిని విడువక పట్టియుంచును. అట్లు నిలిచిన నీరు పగలు కాళ్ళలోనికి దిగును, పండుకొన్న వేళ ఊపిరితిత్తులవైపు మరలును. చీలమండకు పైన ఎముకమీద బొటనవ్రేలితో అదిమి విడిచినచో గుంట పడి, అది పూడుటకు కొంత తడవు పట్టును. కంటికి కనబడు నీ వాపునే రోగమని తలచి, దానిని బట్టియే మందుల మంచిచెడ్డలను తీర్మానించుటవలన పుట్టినవే ఈ విషయమున ప్రచారమందున్న అపోహలలో ముప్పాతిక మువ్వీసము.

ఈ పొరపాటు నేటిది కాదు. ఐరోపా వైద్యులు సైతము శతాబ్దములపాటు నీరు పట్టుటను ఒక ప్రత్యేక వ్యాధిగా నెంచి, చర్మమునకు గాట్లు పెట్టి నీటిని కార్చుచు వచ్చిరి. 1775లో విలియం విథరింగ్ అను నాంగ్ల వైద్యుని యొద్దకు, ష్రాప్‌షైరు ప్రాంతపు ఒక వృద్ధురాలు రహస్యముగా దాచుకొన్న గృహవైద్యయోగ మొకటి పరిశీలనకు వచ్చెను. ఇరువదికి పైబడిన మూలికల ఆ కలగూరగంపలో నిజముగా పనిచేయునది డిజిటాలిస్ ఆకు మాత్రమేయని ఆయన కనిపెట్టి, పదేండ్లు రోగులపై పరిశీలించి, 1785లో గ్రంథము ప్రకటించెను. మోతాదు మించినచో వాంతులగుననియు, వస్తువులు పసుపుగనో పచ్చగనో తోచుననియు అందు వ్రాసియుంచెను. నేటికిని ఆ జాతి ఆకునుండి తీయు డిగాక్సిన్ మాత్ర మ్రింగుచున్న వృద్ధుడు అన్నము సయించుటలేదని, దీపము చుట్టు పచ్చని వలయము కనబడుచున్నదని చెప్పినప్పుడు, అది ముసలితనపు చాదస్తమని కొట్టివేయరాదు.

"నీళ్ళ మాత్ర మొదలుపెడితే కిడ్నీలు పోతాయట" అను మాట చదువుకొన్న యిండ్లలోను వినబడుచున్నది. ఫ్యూరోసిమైడ్, టార్సిమైడ్ అను మాత్రలు మూత్రపిండములు పట్టియుంచిన ఉప్పును విడిపించి, దాని వెంట నీటిని సాగనంపునవి. సిరలలో రక్తము కిక్కిరిసి నిలుచుటయే మూత్రపిండములకు పెద్ద బరువు. నీరు లాగుచున్నప్పుడు, మూత్రపిండముల పనిని తెలుపు క్రియాటినిన్ అంకె రక్తపరీక్షలో కొంచెము పెరుగవచ్చును. అంతమాత్రమున మాత్రను మానక, పరీక్షలను బట్టి మోతాదును వైద్యునిచే సరిచేయించుకొనవలెను. మోతాదు మించినప్పుడు మాత్రము హాని గలదు: లేచి నిలుచున్నంతనే కన్నులకు చీకట్లు క్రమ్ముట, నాలుక పిడచగట్టుట, మూత్రము తగ్గుట దానికి చిహ్నములు. రెంటచింతలలోనో రామగుండములోనో నడివేసవి చెమటగా పోవు నీటిని గాని, వాంతివిరేచనములలో పోవు నీటిని గాని మాత్ర యెఱుగదు. అట్టి దినములలో దానిని తగ్గించవలెనా, ఆపవలెనా యని ఆ పూటనే అడుగవలసియుండును.

పెండ్లికో తీర్థమునకో బయలుదేరునాడు, బస్సులో ఇబ్బందియని మాత్రను ఎగవేయుట మనలో సర్వసాధారణము. మ్రింగిన గంటలోపల పని ఆరంభించి, సుమారు ఆరు గంటలకు ఫ్యూరోసిమైడ్ జోరు చల్లారును గనుక, ఇల్లు చేరిన పిదప వేసికొనవచ్చునా యని ముందుగా తెలిసికొన్నచో చిక్కు తీరును. అయితే బాగా ప్రొద్దుపోయిన తరువాత వేసికొన్నవారు, నిద్రమత్తులో పెరటివైపు నడచుచు జాఱిపడి తుంటి విఱుగగొట్టుకొనుటయు కలదు.

"నీరంతా పోయి నీరసం వచ్చింది, కొబ్బరినీళ్ళు పట్టించండి" అనుట మన బంధువుల ప్రేమకు నిదర్శనమే గాని, ఇచ్చట కొంత జాగ్రత్త వలయును; కొబ్బరినీటిలో పొటాషియము మెండు. ఫ్యూరోసిమైడ్ పొటాషియమును తగ్గించునది, దానివలన పిక్కలు పట్టివేయును; అదే గుండెకై యిచ్చు స్పైరనోలాక్టోన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి పొటాషియమును పెంచునవి. ఈ రెండవ తెగ మందులు వాడువాడు, అందునను మూత్రపిండములు మందగించినవాడు, దినమునకు రెండు బొండములు త్రాగుచు పోయినచో, ఏ ముందుసూచనయు లేకయే గుండె లయ తప్పవచ్చును. సోడియము తక్కువయని అమ్ము ప్రత్యేకపుటుప్పులో తఱచుగా పొటాషియం క్లోరైడును కలుపుదురు గనుక, ఆ పొట్లముపై నున్న చిన్న అక్షరములు చదువదగినవి. ఇక సైంధవ లవణము మేలైనదను నమ్మకమున్నది. అదియు దాదాపుగా సోడియం క్లోరైడే.

ఉప్పును గూర్చి చెప్పవలసినది మన వంటింటిలోనే చాల గలదు. కూరలో ఉప్పు తగ్గించి, పెరుగన్నములోనికి ఆవకాయ ముక్కయు, ప్రక్కన వేయించిన అప్పడమును, ఊరమిరపకాయయు వేసికొని పథ్యము చేయుచున్నామనుకొను సంసారములు కోకొల్లలు. ఒక చెంచాడు, అనగా ఐదు గ్రాముల ఉప్పులో సుమారు 2 గ్రాముల సోడియము గలదు. ఆరోగ్యవంతులకే ప్రపంచ ఆరోగ్య సంస్థ విధించిన దినసరి హద్దు అంతకు లోపు. కడుపుబ్బరమునకు నీటిలో పొంగించి త్రాగు పొడులు కూడ సోడియముతో నిండినవే. త్రాగునీటి మాట వేఱు: గుండెజబ్బు గలవారందఱును దప్పికతో నాలుక ఎండగట్టుకొనవలెనను నియమము లేదు, ఎవరికెంతయన్నది వారి స్థితిని బట్టి నిర్ణయింపవలసినది.

మోకాళ్ళ నొప్పులకు మందులషాపులో అడిగి తెచ్చుకొను డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలను మందులుగనే లెక్కించనివారు పెక్కుమంది. ఇవి ఉప్పును నిలువచేసి, నీళ్ళ మాత్రను నిర్వీర్యము చేయును. "మాత్ర పనిచేయుట మానినది" అని వచ్చినవానిని, వేఱే యేమి మ్రింగుచున్నావని అడిగినగాని గుట్టు బయటపడదు.

ఇన్నిటిలోను అత్యంత దురదృష్టవంతములైన మందులు, వాపును కంటికి కనబడునట్లు తీయనివి. ఆయువును పెంచునని ఋజువైనవి ముఖ్యముగా ఇవియే యైనను, డబ్బు చాలనప్పుడు ముందుగా మానునవి కూడ ఇవియే. వీటిలో గుండె వేగమును తగ్గించు బీటా బ్లాకర్లు బలహీనమైన గుండెకు ప్రమాదములని పూర్వము వైద్యులే నమ్మిరి. 1975లో స్వీడనులోని గోథెన్‌బర్గ్‌నుండి వాగ్‌స్టీన్ మొదలగు వైద్యులు అందుకు విరుద్ధముగా చెప్పగా, ఆ మాట లోకమునకు తలకెక్కుటకు పాతికేండ్లు పట్టెను. నీరు తగ్గిన పిమ్మట అతిస్వల్పముగా మొదలుపెట్టి పెంచుకొనుచు పోవు ఈ మందుతో మొదటి వారములలో అలసట హెచ్చవచ్చును; తటాలున మానుట మాత్రము అపాయకరము. 1999లో వెలువడిన రేల్స్ పరిశోధనలో, 1,663 మంది తీవ్ర రోగులలో స్పైరనోలాక్టోన్ మరణముల ముప్పును 30 శాతము తగ్గించెను. ఐతే పురుషులలో సుమారు పదిమందికి ఒకనికి రొమ్ము ఉబ్బుటయో నొప్పి పుట్టుటయో కలిగెను. ఈ సంగతి చెప్పుకొనుటకు సిగ్గుపడి, భార్యకైనను చెప్పక మాత్రను కిటికీలోనుండి పాఱవేయువారు గలరు. ఎప్లిరినోన్ అను ప్రత్యామ్నాయ మున్నదని వారికి తెలియదు. ఎనలాప్రిల్ జాతి మందులవలని పొడిదగ్గుకును ఇట్లే మార్గమున్నది. కాని ఆ మందు వాడుచుండగా పెదవులు గాని నాలుక గాని ఉబ్బినచో అది నీటి వాపు కాదు, క్షణమైన ఆలస్యము చేయక ఆసుపత్రికి చేరవలసిన వాపు.

వాపులన్నియు గుండెవి కావని చెప్పుటకు పెద్ద విస్తరము వలదు. రక్తపుపోటుకు వాడు ఆమ్లోడిపిన్ చీలమండలను ఉబ్బించును. ఒక్క కాలు మాత్రమే హఠాత్తుగా వాచినచో సిరలో గడ్డకట్టిన రక్తమును శంకింపవలెను. కోస్తా జిల్లాలలో బోదకాలు ఉండనే యున్నది. కాలెంత సన్నగా నున్నను, పండుకొనిన ఆయాసము కలిగి తలక్రింద దిండ్లు ఒకటికి రెండుగా, రెండుకు మూడుగా పెరుగుచున్నచో గుండెను చూపించుకొనవలసినదే. కాలిలో గుంట పడుటకు ముందే లీటర్లకొలది నీరు చేరియుండును గనుక, ఉదయమున మూత్రవిసర్జన యైన పిదప, ఏమియు తినకముందు త్రాసెక్కి గోడనున్న క్యాలెండరుపై బరువు వ్రాసికొనువారు ముందుగా మేల్కొందురు. మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో అది క్రొవ్వు కానేరదు.

కాళ్ళు సన్నబడి, ఆయాసము తీరి, ఎకో పరీక్షలో గుండె మామూలైనదని వచ్చిన తరువాత "ఇంకా ఈ మందులెందుకండీ" యని అడుగుట సహజమే. లండను రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రి వైద్యులు ఇదే ప్రశ్నను పరీక్షకు పెట్టిరి. గుండె కండరము సాగి బలహీనమై, చికిత్సతో పూర్తిగా కోలుకొని, ఏ బాధయు లేని 51 మందిని తీసికొని, సుమారు సగము మందికి మందులను క్రమముగా ఆపిరి. ఆపినవారిలో 44 శాతమునకు ఆరు నెలలలోపల వ్యాధి తిరుగబెట్టెను. కొనసాగించినవారిలో ఒక్కనికిని తిరుగబెట్టలేదు.