ఏలూరు జిల్లా నీళ్ళు ఎక్కడికి పోతాయి?

కైకలూరు నుంచి ఆకివీడుకు బస్సులో వెళ్ళేవారు ఊరు రాకముందే ఒక వంతెన దాటుతారు. కింద పారేది ఉప్పుటేరు. 2022లో గీసిన హద్దుల ప్రకారం వంతెనకు ఒకవైపు ఏలూరు జిల్లా, రెండోవైపు పశ్చిమ గోదావరి జిల్లా. ఏటి నీరు కదులుతున్నట్లే కనిపించదు. అయినా ఎక్కడో మెట్టల మీద కురిసిన వాన సముద్రానికి చేరాలంటే ఇదే దారి. ఈ నీటికి ఎదురు నడిస్తే ఒక జిల్లా స్వరూపమంతా మనకు తెలిసిపోతుంది. రండి, వెళ్ళి చూద్దాం!

కొత్త జిల్లా, పాత నేల

ఏలూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు 1925 నుంచి ఏలూరు పట్టణం పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణంగా ఉండేది. ఆ జిల్లాలోని ఉత్తర భాగానికి, కృష్ణా జిల్లాలోని నూజివీడు, కైకలూరు ప్రాంతాలను కలిపి కొత్త జిల్లా చేశారు. ఏలూరు నుంచి విజయవాడ నగరం సుమారు 60 కిలోమీటర్లే. అయినా ఈ జిల్లాలో ప్రతి ఐదుగురిలో నలుగురు పల్లెల్లోనే ఉంటారు.

జిల్లా కొత్తదే కాని, నేల చరిత్ర పాతది. ఏలూరు దగ్గరి పెదవేగి ఒకప్పటి వేంగి నగరం. తూర్పు చాళుక్యులు అక్కడి నుంచే రాజ్యం చేశారు. కామవరపుకోట సమీపంలోని గుంటుపల్లి బౌద్ధ గుహలు రెండువేల ఏళ్ళ నాటివి.

మూడు మెట్లు

ఈ జిల్లాను మూడు మెట్లుగా ఊహించుకోండి. పై మెట్టు పోలవరం వైపు ఏజెన్సీ ప్రాంతం. అక్కడ పాపికొండలున్నాయి. ఆ కొండల నీరు గోదావరిలో కలుస్తుంది. నడిమి మెట్టు జంగారెడ్డిగూడెం, చింతలపూడి, నూజివీడుల మెట్ట ప్రాంతం. అక్కడివి ఎర్రనేలలు. మామిడి, పొగాకు, ఆయిల్ పామ్ పండుతాయి. ఆయిల్ పామ్ మీద పరిశోధనలు చేసే జాతీయ సంస్థ కూడా పెదవేగిలోనే ఉంది. కింది మెట్టు ఏలూరుకు దక్షిణాన ఉన్న పల్లపు ప్రాంతం. వరిచేలు, చేపల చెరువులు అక్కడే.

మెట్ట మీద పడిన వానలో చాలా భాగం తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి వాగుల్లో చేరి దక్షిణానికి దిగుతుంది. పడమటి నుంచి, విజయవాడ పక్కగా బుడమేరు వస్తుంది. ఇవన్నీ కలిసేది ఒక్కచోటే. అదే కొల్లేరు సరస్సు.

సరస్సు అక్కడే ఎందుకు ఏర్పడింది? కృష్ణా గోదావరులు వేల సంవత్సరాలుగా ఒండ్రుమట్టి తెచ్చి చెరొక డెల్టాను కట్టుకున్నాయి. రెండు డెల్టాల మధ్య నేల మాత్రం పల్లంగా మిగిలిపోయింది. ఆ పల్లమే కొల్లేరు.

ఐదడుగుల లెక్క

మీ భూగోళ పుస్తకంలో సమోన్నత రేఖల గురించి చదివే ఉంటారు. సముద్రమట్టానికి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలవి. కొల్లేటి మనుషులకు ఈ పాఠం బడికి వెళ్ళకుండానే వచ్చు. ‘ఐదో కాంటూరు’ అంటే అక్కడ అందరికీ తెలుసు. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున్న గీత అది.

నీరు ఆ గీత దాకా నిలిస్తే సరస్సు వైశాల్యం సుమారు 308 చదరపు కిలోమీటర్లు. పదో కాంటూరు దాకా పెరిగితే 901 చదరపు కిలోమీటర్లు. చూశారా! నీరు ఐదడుగులు లేస్తే సరస్సు దాదాపు మూడింతలవుతుంది. నేల అంత చదునుగా ఉందన్నమాట.

ఈ ఐదడుగుల్లో ఎంత నీరు పడుతుందో ఉజ్జాయింపుగా లెక్కవేద్దాం. సగటు వైశాల్యం 60 కోట్ల చదరపు మీటర్లు, లోతు ఒకటిన్నర మీటరు అనుకుంటే 90 కోట్ల ఘనపు మీటర్లు వస్తుంది. విజయవాడ ప్రకాశం బ్యారేజీ వెనుక నిలిచే నీటికి ఇది పదిరెట్లు! వరద నీటిని తనలో దాచుకుని, నెమ్మదిగా వదిలే సహజమైన జలాశయం కొల్లేరు.

నెమ్మదిగానే ఎందుకు? బయటికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఐదడుగులంటే 60 అంగుళాలు. అంటే కిలోమీటరుకు ఒక్క అంగుళం వాలు! సముద్రం పోటుమీద ఉంటే ఉప్పునీరే ఏట్లోకి ఎదురొస్తుంది. అలాంటి ఏటికి చిన్న అడ్డు కూడా పెద్ద అడ్డే.

చెరువులు, గట్లు, గూడబాతులు

కొల్లేటి లంక గ్రామాల వారు తరతరాలుగా చేపలు పట్టి బతికేవారు. 1970ల నుంచి సరస్సులోనే గట్లు వేసి చేపల చెరువులు తవ్వడం మొదలైంది. బొచ్చె, శీలావతి చేపలు మంచు నింపిన పెట్టెల్లో ఈశాన్య రాష్ట్రాల దాకా వెళ్ళసాగాయి. వేలమందికి పని దొరికింది. కాని గట్టు వేసిన ప్రతి చెరువూ వరద నీటికి ఉన్న చోటును కొంత ఆక్రమించింది.

1999లో ఐదో కాంటూరు లోపలి ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఆటపాకలో గూడు కట్టే గూడబాతులను చూడడానికి నేటికీ జనం వస్తారు. 2006లో ప్రభుత్వం అభయారణ్యంలోని చెరువుల గట్లను పగలగొట్టించింది. తర్వాత కొన్ని మళ్ళీ లేచాయి. గట్టు తీస్తే కూలి పోతుందని ఒకరి బాధ. గట్టు ఉంటే ఇల్లు మునుగుతుందని మరొకరి బాధ. రెండూ నిజమైన బాధలే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో అనేక పేటలు మునిగాయి. ఆ నీరు చివరికి చేరవలసింది కొల్లేటికే. పైన గండ్లు పడడం, వాగు దారి ఇరుకైపోవడం ఎంత ముఖ్యమో, కింద సరస్సులో చోటు ఉండడం కూడా అంతే ముఖ్యం. నగరానికీ పల్లెకూ ఉన్న సంబంధం రోడ్డు, రైలు మాత్రమే కాదు, నీరు కూడా.

మీరే చేసి చూడండి

అంచున్న వెడల్పాటి పళ్ళెంలో గ్లాసుడు నీళ్ళు పోయండి. నీరు ఎంత ఎత్తు వచ్చిందో అంచు మీద గుర్తు పెట్టండి. నీరు ఒంపేయండి. ఇప్పుడు పళ్ళెంలో ఐదారు చిన్న గిన్నెలను నిండా నీళ్ళు పోసి ఉంచండి. మళ్ళీ అదే గ్లాసుడు నీళ్ళు గిన్నెల మధ్య పోయండి. ఈసారి నీటిమట్టం ఎక్కడికి వచ్చింది? నీరు అంతే, పళ్ళెమూ అదే. మరి తేడా ఎందుకు వచ్చింది?

ఆ తర్వాత ఇంకో పని చేయండి. మీ బడి ముంగిట్లో పడిన వాన ఏ కాలువలోకి, ఏ చెరువులోకి, ఏ ఏట్లోకి పోతుందో పెద్దలను అడిగి ఒక పటం గీయండి. జిల్లాల హద్దులు మారవచ్చు. నీరు మాత్రం పల్లాన్నే వెతుక్కుంటుంది.