ఎక్కడా నిలవని ఆటగాడు

రగ్బీ లీగ్ కూలి తగాదాలోంచి పుట్టిన ఆట. ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్, లాంకషైర్ ప్రాంతాల్లో గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేస్తూ శనివారాలు రగ్బీ ఆడే కార్మికులకు, ఆట కోసం పని మానిన పూట పోయే కూలిని క్లబ్బులు చెల్లించవచ్చునా అన్న ప్రశ్న దగ్గర ఆట పెద్దలు ససేమిరా అనడంతో, 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్లో సమావేశమైన ఉత్తరాది క్లబ్బుల ప్రతినిధులు వేరు కుంపటి పెట్టుకున్నారు. కాలక్రమంలో నియమాలు కూడా మార్చుకున్న ఆ చీలిక వర్గం ఆటే రగ్బీ లీగ్ కాగా, పాత సంఘం ఆట రగ్బీ యూనియన్‌గా మిగిలింది. ఆటకు డబ్బు పుచ్చుకోవడాన్ని యూనియన్ 1995 దాకా అపచారంగానే పరిగణించింది. లీగ్‌లో డబ్బు తీసుకుని ఆడినవాడికి యూనియన్‌లో మళ్లీ చోటు ఉండేది కాదు. 1995 ఆగస్టులో యూనియన్ కూడా జీతాల ఆటగా మారిన తరువాతే ఒకే మనిషి రెండింటి మధ్యా రాకపోకలు సాగించడం సాధ్యమైంది.

ఈ నేపథ్యం తెలియకపోతే న్యూజిలాండ్ ఆటగాడు సోనీ బిల్ విలియమ్స్ ప్రస్థానం కేవలం డబ్బు వెంట పరుగులా కనిపిస్తుంది. 2004 నుంచి 2020 వరకు ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, న్యూజిలాండ్, జపాన్ క్లబ్బులకూ, ఇంగ్లండు పోటీల్లో పాల్గొన్న ఒక కెనడా క్లబ్బుకూ ఆడి, లీగ్ నుంచి యూనియన్‌కూ, అక్కడినుంచి లీగ్‌కూ, మళ్లీ యూనియన్‌కూ వెళ్లి, చివరకు లీగ్‌కే తిరిగి వచ్చి, మధ్యమధ్య బాక్సింగ్ బరిలోనూ దిగిన ఈ మనిషిని కిరాయి ఆటగాడని తీసిపారేసినవారూ ఉన్నారు, తన శ్రమకు తానే యజమాని అని మెచ్చుకున్నవారూ ఉన్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. రెండు వర్గాలూ అంతగా పట్టించుకోని సంగతి మరొకటి: అతడు వెళ్లిన ప్రతి జట్టూ అతని నుంచి ముఖ్యంగా ఆశించినది ఒకే నైపుణ్యం, అది అతడు లీగ్‌లో పదును పెట్టుకున్నది.

ఆ నైపుణ్యం పేరు ఆఫ్‌లోడ్. అది అర్థం కావాలంటే ఆట తీరు కొంత తెలియాలి. లీగ్‌లో జట్టుకు పదమూడు మంది, యూనియన్‌లో పదిహేను మంది. రెండింటిలోనూ బంతిని చేతితో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనించడాన్ని ట్రై అంటారు, దానికి లీగ్‌లో 4 పాయింట్లు, యూనియన్‌లో 5. బంతితో పరుగెత్తే ఆటగాడిని కబడ్డీలో కూతకొచ్చినవాడిని పట్టేసినట్టు ఎదుటివారు పట్టి ఆపడాన్ని టాకిల్ అంటారు. లీగ్‌లో పట్టుబడినవాడు లేచి నిలబడి బంతిని కాలితో వెనక్కి దొర్లించి ఆట కొనసాగిస్తాడు, ఈలోగా రక్షకులు పది మీటర్లు వెనక్కి వెళ్లి వరుస కడతారు. ఆరుసార్లు పట్టుబడేలోగా ట్రై రాకపోతే బంతిని ఎదుటి జట్టుకు అప్పగించాలి. యూనియన్‌లో ఈ ఆరు టాకిళ్ల లెక్క లేదు, పడినవాడి మీదుగా ఇరుపక్షాలూ తోసుకుంటూ బంతి కోసం పెనుగులాడతాయి. ఆఫ్‌లోడ్ అంటే పట్టుబడి కింద పడుతూ కూడా, పూర్తిగా నేలకు చిక్కేలోగా, బంతిని పక్కవాడికి జారవిడవడం. దీనివల్ల లీగ్‌లో రక్షకులకు వరుస కట్టుకునే వ్యవధి చిక్కదు, యూనియన్‌లో బంతి కోసం పెనుగులాటే జరగదు. సుమారు ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, పొడవైన చేతులు ఉన్న విలియమ్స్, ఇద్దరు ముగ్గురు మీద పడినా ఒక చేయి విడిపించుకుని బంతిని వీపు వెనక నుంచి అందించగలిగేవాడు. రెండు ఆటలకూ వేర్వేరు కారణాలతో పనికొచ్చిన ఈ విద్యే అతని సంచారానికి పెట్టుబడి.

1985 ఆగస్టు 3న ఆక్లండ్‌లో సమోవా మూలాలున్న తండ్రికి, యూరోపియన్ సంతతికి చెందిన న్యూజిలాండ్ తల్లికి పుట్టిన విలియమ్స్ మౌంట్ ఆల్బర్ట్ పేటలో పెరిగి, పదహారేళ్లు వచ్చే నాటికే సిడ్నీలోని కాంటర్‌బరీ బుల్‌డాగ్స్ క్లబ్బు కంటపడ్డాడు. ఆస్ట్రేలియా జాతీయ రగ్బీ లీగ్‌లో 2004లో అరంగేట్రం చేసిన ఏడాదే అతని జట్టు ఫైనల్లో సిడ్నీ రూస్టర్స్‌ను 16-13తో ఓడించింది; అదే ఏడాది పద్దెనిమిదేళ్ల వయసులో న్యూజిలాండ్ లీగ్ జట్టులోనూ చోటు దక్కింది. రక్షణ వరుసను బలంతో ఢీకొట్టే ఫార్వర్డుల్లో రెండో వరుస అతని స్థానం.

2007లో బుల్‌డాగ్స్‌తో ఐదేళ్ల ఒప్పందం చేసుకున్న అతడు 2008 జులైలో, సీజన్ సగంలో ఉండగా, క్లబ్బుకు చెప్పకుండా దేశం విడిచి ఫ్రాన్స్‌లోని టూలాన్ యూనియన్ క్లబ్బులో చేరాడు. ఆస్ట్రేలియా లీగ్‌లో ఒక క్లబ్బు తన ఆటగాళ్లందరికీ కలిపి ఇంతకు మించి చెల్లించకూడదన్న జీతాల పరిమితి ఉంది. జట్ల మధ్య సమతూకం కోసం పెట్టిన ఆ నియమం వల్ల పేరున్న ఆటగాడి జీతానికి కళ్లెం పడుతుంది. ఫ్రాన్స్‌లో అప్పటికి ఆ కట్టడి లేదు. క్లబ్బూ లీగ్ సంస్థా న్యాయస్థానానికి వెళ్లగా, 7,50,000 ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారంతో వ్యవహారం తేలిందని అప్పటి పత్రికలు రాశాయి. జీతాల పరిమితి గురించిన అతని అసంతృప్తి అర్థం చేసుకోదగినదే. కానీ ఐదేళ్లకు సంతకం చేసి రెండేళ్లు కూడా గడవకముందే సహచరులకు మాట కూడా చెప్పకుండా వెళ్లిపోవడాన్ని ఏ వాదనా సమర్థించలేదు. ఆ ఏడాది బుల్‌డాగ్స్ పట్టికలో అట్టడుగున నిలిచింది.

టూలాన్‌లో గడిపిన రెండేళ్లు అతనికి కొత్త ఆటను నేర్పాయి. ఇస్లాం స్వీకరించిన కాలమూ అదే. ఆ ఊళ్లో పరిచయమైన ఒక ట్యునీషియా కుటుంబం ఇరుకు ఇంట్లోనూ సంతోషంగా బతకడం తనను కదిలించిందని తరువాత అతడే చెప్పాడు. 2010లో టూలాన్ ఇవ్వజూపిన పెద్ద జీతాన్ని వదులుకుని న్యూజిలాండ్ చేరడానికి కారణం ఆల్ బ్లాక్స్, అంటే ఆ దేశపు యూనియన్ జాతీయ జట్టు. స్వదేశంలో ఆడేవారినే ఆ జట్టుకు ఎంపిక చేస్తారు. డబ్బే సర్వస్వమన్న విమర్శకు ఇక్కడే మొదటి అడ్డు తగులుతుంది. ఆ ఏడాది నవంబరు 6న లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండుపై ఆల్ బ్లాక్స్ తరఫున తొలి మ్యాచ్ ఆడిన అతడు 2011లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆక్లండ్‌లో ఫ్రాన్స్‌తో 8-7తో ముగిసిన ఫైనల్లో మాత్రం చివరి నిమిషాల్లోనే దిగాడు. భూకంపంతో సొంత మైదానం కోల్పోయిన క్రైస్ట్‌చర్చ్ జట్టు క్రూసేడర్స్, యూనియన్ క్లబ్బుల పోటీ అయిన సూపర్ రగ్బీలో 2011 సీజనంతా ఊరూరా తిరుగుతూ ఆడి ఫైనల్ చేరినప్పుడు అందులోనూ అతడున్నాడు. మరుసటి ఏడాది హామిల్టన్‌కు చెందిన చీఫ్స్‌కు మారగా, ఆ క్లబ్బు తొలిసారి సూపర్ రగ్బీ టైటిల్ సాధించింది. తరువాత జపాన్‌లో పానసోనిక్ వైల్డ్ నైట్స్ కోసం కొద్ది నెలలు ఆడాడు. బాక్సింగ్‌లో 2012లో న్యూజిలాండ్ హెవీవెయిట్ టైటిల్ గెలిచినా ఆ రంగంలో ఎదురైన ప్రత్యర్థుల స్థాయిని బట్టి దాన్ని పక్కదారిగానే ఎంచాలి.

2013 కథ వేరు. సిడ్నీ రూస్టర్స్ అధ్యక్షుడు నిక్ పొలిటిస్‌తో చాలాముందే చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్న మాటకు కట్టుబడి అతడు లీగ్‌కు తిరిగి వచ్చాడు. సంతకం చేసిన కాగితాన్ని కాలదన్నిన మనిషి నోటిమాటను నిలబెట్టుకోవడం విచిత్రమే. 2012లో పదహారు జట్లలో పదమూడో స్థానంలో ఉన్న రూస్టర్స్, కొత్త శిక్షకుడు ట్రెంట్ రాబిన్సన్ ఆధ్వర్యంలో ఆ సీజన్ పట్టికలో అగ్రస్థానం పొందడమే కాక, ఫైనల్లో మాన్లీపై 18-8తో వెనకబడి కూడా 26-18తో గెలిచింది. ఐదేళ్లు లీగ్‌కు దూరంగా ఉన్న ఆటగాడు, యూనియన్ కంటే వేగంగా ముందుకూ వెనక్కూ కదలాల్సిన ఆటకు దేహాన్ని మళ్లీ మలచుకుని ఏడాదంతా అలా నిలకడగా ఆడడం అరుదు. సీజన్ చివర ఇంగ్లండు, వేల్స్ ఆతిథ్యమిచ్చిన లీగ్ ప్రపంచకప్‌కు ముందు రానన్నాడు, తరువాత మనసు మార్చుకున్నాడు. దానివల్ల అప్పటికే ఎంపికైన యువ ఆటగాడు తోహు హారిస్ చోటు కోల్పోయాడు. వెంబ్లీలో ఆఖరి క్షణాల ట్రైతో ఇంగ్లండును 20-18తో ఓడించిన న్యూజిలాండ్, మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 74,468 మంది ఎదుట ఆస్ట్రేలియా చేతిలో 34-2తో చిత్తయింది. అయినా ఆ ఏడాది అంతర్జాతీయ ఉత్తమ లీగ్ ఆటగాడి పురస్కారం విలియమ్స్‌నే వరించింది.

యూనియన్‌లో రెండో మజిలీ మెరుపులతోనూ దెబ్బలతోనూ సాగింది. 2015 ప్రపంచకప్ ఫైనల్ రెండో సగంలో దిగిన కొద్దిసేపటికే అతడు చేసిన ఆఫ్‌లోడ్‌తో సహచరుడు మా నోనూ దాదాపు సగం మైదానం పరుగెత్తి ట్రై సాధించగా, ఆస్ట్రేలియాపై 34-17తో గెలిచిన ఆల్ బ్లాక్స్ కప్పు నిలబెట్టుకుంది. మైదానంలోకి పరుగెత్తుకొచ్చి భద్రతా సిబ్బందికి చిక్కిన పిల్లవాడి మెడలో తన పతకం వేసి అతడు పంపేశాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఏడుగురితో ఆడే సెవెన్స్‌లో తొలి మ్యాచ్‌లోనే జపాన్‌పై ఆడుతూ మడమ స్నాయువు తెగింది. 2017లో ఆక్లండ్ బ్లూస్‌కు ఆడుతూ, వడ్డీ వ్యాపారం తన మతానికి విరుద్ధమని చొక్కా కాలరు మీది బ్యాంకు గుర్తును కప్పేశాడు. అదే ఏడాది జులై 1న వెల్లింగ్టన్‌లో బ్రిటిష్, ఐరిష్ లయన్స్ ఆటగాడి తలకు భుజం తగిలించి 25వ నిమిషంలో రెడ్ కార్డు చూశాడు. 1967లో కోలిన్ మీడ్స్ తరువాత మైదానం నుంచి పంపబడిన మొదటి ఆల్ బ్లాక్ అతడే.

2019 ప్రపంచకప్‌లో కాంస్యంతో ఆల్ బ్లాక్స్‌కు వీడ్కోలు పలికిన విలియమ్స్, టొరంటో వుల్ఫ్‌ప్యాక్ అనే కెనడా లీగ్ క్లబ్బుతో రెండేళ్లకు ఒప్పందం చేసుకున్నాడు. రగ్బీ చరిత్రలో అదే అతిపెద్ద జీతమని అప్పట్లో ప్రచారం జరిగింది. 2017లో ఇంగ్లండు మూడో శ్రేణిలో అడుగుపెట్టి, 2020 నాటికి అగ్రశ్రేణి సూపర్ లీగ్ చేరిన ఆ క్లబ్బు, టొరంటో చలి తగ్గేదాకా మ్యాచులన్నీ ఇంగ్లండులోనే ఆడాలని నిశ్చయించుకుంది. లీగ్ మ్యాచ్ ఒక్కటీ గెలవకముందే, సొంత ఊళ్లో ఒక్క ఆటా ఆడకముందే కోవిడ్ వచ్చి పోటీలు ఆగాయి. జులై 20న క్లబ్బు సీజన్ నుంచి తప్పుకుంది, ఆటగాళ్ల జీతాలు నిలిచిపోయాయి, నవంబరులో సూపర్ లీగ్ దాన్ని తిరిగి చేర్చుకోవడానికి నిరాకరించింది. పేరున్న విలియమ్స్ కోసం రూస్టర్స్ వెంటనే చోటు చూసింది. అతని సహచరుల్లో చాలామంది కుటుంబాలతో పరాయి దేశంలో ఉండి కొత్త క్లబ్బుల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఊళ్లు మారడం అతనికి చాలాసార్లు ఎంపిక, వారికి అగత్యం. అతని స్వేచ్ఛను మెచ్చుకునేవారు ఈ తేడాను మరవకూడదు.

2021 మార్చిలో విరమణ ప్రకటించే నాటికి అతడు యూనియన్‌లో 58, లీగ్‌లో 12 టెస్టులు ఆడాడు. ప్రపంచకప్ పతకాలూ లోకప్రసిద్ధీ యూనియన్ ఇచ్చినవే. అయినా అతని ఆట శిఖరానికి చేరిన సంవత్సరం ఏదంటే 2015 కాదు, ప్రపంచకప్ ఫైనల్లో 32 పాయింట్ల తేడాతో ఓడిపోయిన 2013 అనడమే న్యాయం.