హెలికాప్టర్ ఎక్కిస్తున్నారా? ఇవి చూసుకోండి



2025 రథసప్తమి వేడుకల్లో శ్రీకాకుళంలో హెలికాప్టర్ విహారం ఏర్పాటు చేశారు. మళ్లీ అలాంటి అవకాశం వస్తే పిల్లలు ఎక్కుతామని అడగకుండా ఉండరు. ఎక్కించే ముందు ఇవి గుర్తుంచుకోండి.

• ముందుగా అందరి బరువు చూస్తారు. సీట్లు దాన్నిబట్టే ఇస్తారు. కిటికీ సీటు కోసం పిల్లలు మారాం చేసినా మార్చమనకండి.

• తోక వైపు అసలు వెళ్లొద్దు. అక్కడ వేగంగా తిరిగే చిన్న రెక్కలు కంటికి ఆనవు. సిబ్బంది సైగ చేశాకే, పైలట్‌కు కనిపించే వైపు నుంచి, పిల్లల చెయ్యి వదలకుండా నడవండి.

• టోపీలు, చున్నీలు ముందే తీసి సంచిలో పెట్టండి. గాలికి ఎగిరినా వాటి వెంట పరుగెత్తకూడదు.

• చప్పుడు ఎక్కువ. పిల్లల చెవులకు హెడ్‌సెట్, నడుముకు బెల్టు ఉన్నాయో లేదో మీరే చూడండి.

• వాతావరణం బాగోలేదని ఆపేస్తే సిబ్బందితో వాదించకండి. 2025 జూన్ 15న కేదార్‌నాథ్ నుంచి తిరిగొస్తున్న హెలికాప్టర్ కూలి, ఒక పసిబిడ్డతో సహా ఏడుగురు చనిపోయారు. ఆ ఉదయం అక్కడ వాతావరణం బాగోలేదు. విహారం ఇంకో రోజుకు వాయిదా వేసుకోవచ్చు.