పది ముక్కల్లో ఇద్దరు వస్తాదులు

*బిళ్ళ వేసి ఆడిన పెద్ద పెట్టెలోని పోరు అరచేతిలోకి ఎలా దిగింది?*

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో వీడియో గేమ్ షాపుల చుట్టూ తిరిగిన పిల్లలు ఇప్పుడు పిల్లల తండ్రులు. వాళ్ళు ఇష్టపడ్డ ఫైటింగ్ గేముల మీద శుక్రవారం కల్లా కథనం కావాలన్నారు ఎడిటర్. వివరాలు తిరగేస్తుంటే, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ హార్డ్‌వేర్‌కు సంబంధించిన ఒక లెక్క నన్ను కదలనివ్వలేదు.

ముందు చరిత్ర, క్లుప్తంగా. కాప్‌కామ్ సంస్థ స్ట్రీట్ ఫైటర్ 2 అనే ఫైటింగ్ గేమ్‌ను 1991లో ఆర్కేడ్‌కు, అంటే బిళ్ళ వేసి ఆడే పెట్టెకు తెచ్చింది. 1992లో అది సూపర్ నింటెండోకు, 1995లో గేమ్ బాయ్‌కు వచ్చింది.

పదకొండోది కనపడదు

గేమ్ బాయ్ తెర మీద కదిలే బొమ్మలను స్ప్రైట్ అనే చిన్న ముక్కలతో పేర్చాలి. ఒక్కో ముక్క వెడల్పు 8 చుక్కలు. తెర మొత్తానికి 40 ముక్కలు వాడుకోవచ్చు గానీ, ఒక అడ్డు వరుసలో 10కి మించి కనపడవు. పదకొండోది ఆ వరుసలో మాయమైపోతుంది. అంటే 160 చుక్కల వెడల్పులో స్ప్రైట్లకు దక్కేది 80. ఆటలోని వస్తాదుల్లో ర్యూకు నాలుగు, కెన్‌కు నాలుగు ముక్కలు ఇచ్చామనుకోండి, ఇద్దరి మధ్య దూసుకెళ్ళే హడౌకెన్ అనే శక్తి గోళానికి మిగిలేది రెండే. కాలు చాచి తన్నాలన్నా ఆ పదిలోనే సర్దుకోవాలి.

బటన్లదీ అదే ఇరకాటం. ఆర్కేడ్‌లో గుద్దులకు మూడు, తన్నులకు మూడు ఉంటే, గేమ్ బాయ్‌లో దెబ్బలకు ఉన్నవి రెండే. అందుకే బటన్ తట్టి వదిలితే చిన్న దెబ్బ, కాసేపు నొక్కి పడితే గట్టి దెబ్బ పడేలా చేశారు. ఆరింటి పని రెండింటితో చేయించిన ఈ ఉపాయానికి నేను చేతులెత్తి మొక్కుతాను. ఆట నెమ్మదించిందన్న మాట నిజమే అయినా, నాకు ఈ కూర్పంటేనే ప్రేమ.

మనవాడే లేడు

ఆర్కేడ్‌లోని 12 మందిలో ఇక్కడ మిగిలింది తొమ్మిదిమంది. సుమో మల్లుడు హోండా, ముసుగు వీరుడు వేగా పోయారు. వాళ్ళతో పాటు ఆ ఆటలోని ఏకైక భారతీయుడు, చేతులు సాగదీసి కొట్టే యోగి ధాల్సిమ్ కూడా పోయాడు. అంత పొడుగు చేతికి ఆ వరుసలో ఎన్ని ముక్కలు కావాలో ఊహించండి. కారణం ఏదైనా, ఆ లోటు నాకు లోటే. 2002లో ఇంగ్లాండ్‌కు చెందిన క్రాఫిష్ సంస్థ గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం చేసిన స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా 3లో ధాల్సిమ్ ఉన్నాడు. పైగా ముగ్గురు కొత్త యోధులు చేరారు.

బాక్స్: పెట్టె – అరచెయ్యి

- తెర: ఆర్కేడ్ 384×224 చుక్కలు, గేమ్ బాయ్ 160×144
- రంగులు: ఆర్కేడ్‌లో వేలల్లోంచి ఎంచుకోవచ్చు, గేమ్ బాయ్‌లో నాలుగు ఛాయలే
- దెబ్బల బటన్లు: ఆర్కేడ్‌లో ఆరు, గేమ్ బాయ్‌లో రెండు

ఈ మూడు ఊళ్ళలో కంప్యూటర్లు చదువుతున్న పిల్లలకు ఒక మాట. గేమ్ బాయ్‌కు ప్రోగ్రాం రాసే ఆర్‌జీబీడీఎస్ వంటి ఉపకరణాలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఈ సెలవుల్లో ఇద్దరు వస్తాదులను ఆ పది ముక్కల్లో నిలబెట్టి చూడండి. ఉన్నదాంట్లో పని నెగ్గించుకోవడం ఇంజనీరుకు మొదటి పాఠం. అది ఇక్కడ నేర్చుకున్నంత బాగా ఇంకెక్కడా వంటబట్టదు.