మిద్దెతోటల పిచికారీ నీటిలో ఉదజని సూచిక: సైబరాబాద్ బోరు నీటి నేపథ్యం

ఖాజాగూడ గుట్టల్లోనూ, దుర్గం చెరువు చుట్టూనూ కనిపించే గ్రానైటు శిలలే హైటెక్ సిటీ పరిసరాల భూగర్భజల స్వభావాన్ని కూడా నిర్ణయిస్తున్నాయి. వాననీరు నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని శిలల పగుళ్ళలోనికి దిగుతుంది. అక్కడ ఫెల్‌స్పారు ఖనిజం మెల్లగా శిథిలమవుతూ ఆ ఆమ్లతను హరిస్తుంది. ఫలితంగా బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లు చేరుతాయి. ఉదజని సూచిక తరచు 7ను దాటుతుంది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్టుమెంట్లలోని అనేక మిద్దెతోటల్లో సస్యరక్షణ మందులను కలిపేది ఈ నీటిలోనే.

క్షారగుణం గల నీటిలో కొన్ని మందులు జలవిశ్లేషణకు లోనై విచ్ఛిన్నమవుతాయి. మలాథియాన్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని అర్ధాయువు ఉదజని సూచిక 7 ఉన్న నీటిలో సుమారు 6 రోజులు, 9 ఉన్న నీటిలో సుమారు 12 గంటలు. ఈ కొలమానంలో ఒక అంకె తేడా పది రెట్ల తేడాకు సమానమని గుర్తుంచుకుంటే ఈ అంతరం ఆశ్చర్యం కలిగించదు. కాప్టాన్ మరింత సున్నితమైనది. తటస్థ జలంలో గంటల వ్యవధిలోనూ, క్షారజలంలో నిమిషాల్లోనూ నశిస్తుంది. వేపలోని అజాడిరక్టిన్ కూడా క్షారతను ఓర్వదు. ఎండకు కాగిన మిద్దె మీది ట్యాంకు నీరు ఈ విచ్ఛిత్తిని మరింత వేగవంతం చేస్తుంది.

పురుగు చావకపోతే మందు నకిలీదని భావించి మోతాదు పెంచడం, మూడు రోజులకే మళ్ళీ కొట్టడం పరిపాటి. కోతకు ముందు పాటించవలసిన విరామం అక్కడే తప్పుతుంది. ఇంటి కూరగాయలు పెంచేదే అవశేషాలు లేని ఆహారం కోసం కాబట్టి ఈ నష్టం చిన్నది కాదు.

అపార్టుమెంటులో సాఫ్ట్‌నర్ ఉంది గదా అని నిశ్చింతగా ఉండేవారున్నారు. ఆ యంత్రం కాల్షియం, మెగ్నీషియంలను తీసి సోడియంను ఇస్తుంది, బైకార్బొనేటును తాకదు. నీటి కాఠిన్యం తగ్గుతుంది, క్షారత యథాతథంగా నిలుస్తుంది.

సవరణ సులభమే. లీటరు నీటిలో నిమ్మ ఉప్పును చిటికెడు చిటికెడుగా కలుపుతూ పరీక్షా పత్రంతో చూడాలి. చాలా మందులకు 5.5 నుండి 6.5 వరకు అనుకూలం. ఒకే సూచిక గల రెండు నీళ్ళకు పట్టే ఆమ్లం ఒకటే కాదు, అది బైకార్బొనేటు పరిమాణాన్ని బట్టి మారుతుంది. కనుక పొరుగువారి కొలత పనికిరాదు. నీటిని సవరించిన తరువాతనే మందు కలపాలి, ఆనాడే వాడెయ్యాలి.

సబ్బుతో కలిపే వేపనూనె సంగతి వేరు. కఠినజలంలో సబ్బు తెట్టు కడుతుంది, ఆమ్లజలంలో విరిగి నూనె తేలుతుంది. దానికి పట్టి ఉంచిన వాననీరే మేలు. బోర్డో మిశ్రమానికి ఆమ్లం అసలే కూడదు: సున్నం అదుపులో ఉంచిన రాగి కరిగి ఆకులను మాడ్చుతుంది. సల్ఫోనైల్ యూరియా జాతి కలుపు మందులు సైతం ఆమ్లజలంలోనే త్వరగా చెడిపోతాయి.